రక్కసి వేషం కట్టిన ఆదివారం

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంటు సెల్లారులోంచి కార్లన్నీ బయటికి తీయించి, కింద తివాచీ పరిచి, కుర్చీలు వేసి, మనుషులు ఆనందంగా బతకడం ఎలాగో నేర్పడానికి ఎక్కడినుంచో ఒక యువకుణ్ణి పిలిపించారు. ఉప్పల్ రింగురోడ్డుకు కాస్త లోపలగా ఉండే ఈ అపార్ట్‌మెంటులో నేనూ నా భార్యా మా అబ్బాయి దగ్గర ఉంటున్నాం. ఆమెకు మోకాళ్ళ నొప్పులని తప్పించుకుంది గానీ, నాకు ఆ సాకు కూడా లేకపోవడంతో కోడలు మాట తీసేయలేక వెళ్ళి కూర్చున్నాను. ఆ యువకుడు అందరినీ లేపి, చేతులు పైకెత్తించి, ఊరికే నవ్వమన్నాడు. లోపలినుంచి రాకపోయినా ఫరవాలేదు, నోటినుంచి వస్తే చాలునట. ఒక మూల మురుగునీటి మోటారు వాసన గుప్పున కొడుతుంటే, ఆ వాసన ఎవరికీ తెలియనట్టు, పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళంతా నోళ్ళు తెరిచి హహ్హహ్హా అంటున్నారు. నా పక్కనే మా అబ్బాయి ఒక చెయ్యి గాలిలో ఊపుతూ, రెండో చేత్తో ఫోనులో ఆఫీసువాళ్ళకు జవాబు కొడుతున్నాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ యువకుడు తిన్నగా నా దగ్గరికొచ్చి, నా నోటి ముందు మైకు పెట్టి, "అంకుల్, జాబ్ చేసే రోజుల్లో మీకు హ్యాపీనెస్ దేంట్లో దొరికేది?" అని అడిగాడు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మైకులో, ఆ వాసనలో, ఆ దొంగ నవ్వుల మధ్య ఆ మాట చెప్పడం నాకు ఎంగిలి పళ్ళెంలో పరమాన్నం వడ్డించినట్టు అనిపించింది. లేచి మెట్లెక్కి పైకి వచ్చేశాను. నేను కోపగించుకున్నానని ఇంట్లో అందరూ అనుకున్నారు. అక్కడ చెప్పనిది మీకు చెబుతాను. మన ఈడువాళ్ళకైతే విడమరిచి చెప్పే పని ఎక్కువ ఉండదు.

మా ఊరు భువనగిరి దాటి కొంత దూరం. డిగ్రీ చదివి, ఊళ్ళో చేసేదేమీ లేక పట్నం వచ్చినప్పుడు నాకు దొరికిన ఉద్యోగం నాచారం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో సూపర్‌వైజరు. మందుల కంపెనీ అనగానే మావాళ్ళంతా సంబరపడ్డారు. తెల్లకోటు వేసుకుని సీసాల మధ్య నిలబడతాననుకున్నారు. ఆ కంపెనీ రక్తం పట్టే టానిక్కు చేసేది. ఆ టానిక్కులోకి పశువుల కార్జం, అదే కాలేయం, దాన్నుంచి తీసిన సారం కలిపేవారు. ఆ కార్జాన్ని ఉడకబెట్టే షెడ్డుకు నన్ను పెద్దను చేశారు.

పొద్దున్నే వధశాలనుంచి డ్రమ్ముల్లో కార్జం వచ్చేది. మూత తీసేసరికి పైన ఈగలు, లోపల నల్లటి నెత్తురు నీళ్ళు. దాన్ని యంత్రంలో వేసి తునకలు చేసి, నిలువెత్తు స్టీలు గంగాళాల్లో పోసి ఆవిరితో ఉడికించేవాళ్ళం. మట్టిరంగు నురగ బుసబుసా పైకి పొంగేది. ఆ పొంగును తెడ్లతో తోడి కాలువలో వదిలితే, అది షెడ్డు వెనకనుంచి నాలాలో కలిసి, నాలుగు వీధుల అవతల ఉన్నవాళ్ళ చేత కూడా మమ్మల్ని తిట్టించేది. ఆ వాసన ఎలా ఉంటుందంటే చెప్పడం కష్టం. అది ముక్కుకు తగిలి పోయే వాసన కాదు, మనిషిలో కాపురం పెట్టే వాసన. గోళ్ళ సందుల్లో, చెవుల వెనక, తలవెంట్రుకల మొదళ్ళలో ఉండిపోయేది. సబ్బు రాస్తే సబ్బు వాసనా దాని వాసనా కలిసి ఇంకా పాడుగా తయారయ్యేది. మా మేనేజరు రోజుకొకసారి అత్తరు పూసిన రుమాలు ముక్కుకు కట్టుకుని షెడ్డు గుమ్మందాకా వచ్చి, అక్కడినుంచే వేలు చూపించి ఏం చెయ్యాలో చెప్పి, గబగబా వెళ్ళిపోయేవాడు. ఆ రుమాలును చూస్తే నాకు కార్జాన్ని చూసినప్పటికన్నా ఎక్కువ రోత పుట్టేది.

బస్సులో నేనెక్కితే పక్కవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. ఎంత రద్దీ ఉన్నా నా చుట్టూ చోటు మిగిలేది. సీటు దొరికిందని సంతోషించే రకం మనిషిని కాను నేను. సిగ్గుతో చచ్చిపోయి, ఒక పాత సైకిలు సంపాదించి బస్సు మానేశాను. నాచారంలో మేముండేది ఒక గది, దానికి ముందు ఇంత వంటిల్లు. నా భార్య వాకిట్లో నల్లా దగ్గర బకెట్టు నిండా నీళ్ళు, మరో జత బట్టలు పెట్టి ఉంచేది. స్నానం చేస్తే గానీ గడప లోపలికి అడుగు పెట్టేవాణ్ణి కాదు. ఆమె ఒక్క మాట అనేది కాదు. అనకపోవడమే నాకు బాధ. అన్నం పెట్టి, తాను కాస్త ఎడంగా కూర్చునేది.

తిండి నాకు లోపలికి పోయేది కాదు. మొదట మాంసం మానేశాను, తర్వాత పాలు. పప్పు పొంగుతుంటే చాలు, గంగాళం గుర్తొచ్చి బయటికి వెళ్ళిపోయేవాణ్ణి. అబ్బాయి అప్పటికి పుట్టలేదు, కూతురొక్కతే. ఒకనాడు ఆ బిడ్డ, అప్పటికింకా బడికి పోయే ఈడు కూడా కాదు, వాకిట్లో ఆడుకుంటూ నేను సైకిలు దిగగానే రెండు వేళ్ళతో ముక్కు మూసుకుని, పక్కింటి పిల్లలతో "మా నాయినొచ్చిండు, గబ్బొచ్చింది" అని పాటలా అంది. పిల్లలంతా ఆ పాట అందుకున్నారు. ఆ పిల్లకు తెలిసి అన్న మాట కాదు. అయినా నేను ఆ పూట అన్నం తినలేదు.

అప్పటినుంచి నాకు అన్నిటిమీదా ఏవగింపు మొదలైంది. మనుషుల మీద, వాళ్ళ మాటల మీద, కూతవేసే సైరను మీద, చివరికి నా చేతుల మీద. ఆదివారం వస్తే గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. బతుకంటే ఇంతే కాబోలు, గంగాళం కడగడం, గంగాళం నింపడం, మధ్యలో కాస్త నిద్ర, అనుకునేవాణ్ణి. చావాలని ఎప్పుడూ అనిపించలేదు గానీ, బతకాలని కూడా ఏమంత అనిపించేది కాదు.

మా అక్కా బావా కూడా నాచారంలోనే ఉండేవారు. బావ అక్కడే మరో ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసేవాడు. పొద్దంతా ఇనుము కోసి వచ్చినా ఆ మనిషి ముఖం కడిగిన కంచంలా ఉండేది. ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపైనా తట్టకుండా లోపలికి వచ్చి, నా భుజం పట్టుకుని ఇవతలికి తిప్పాడు.

"ఏందిరా బామ్మర్దీ, గోడమీదేమన్న సిన్మా నడుస్తుందా? గట్లనే సూస్తున్నవ్. లే, అంగీ తొడుక్కో."

ఎక్కడికని అడిగినా చెప్పకుండా తన సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఉప్పల్ తీసుకెళ్ళాడు. అప్పట్లో ఉప్పల్ అంటే రోడ్డుకు ఆనుకుని కాసిని ఇళ్ళు, వెనకంతా తుమ్మచెట్లు, రాళ్ళు, ఖాళీ జాగా. ఆ జాగాలో ఒకచోట జనగామ, ఆలేరు, భువనగిరి వైపునుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో చేరినవాళ్ళు ఆదివారం ఆదివారం చిరుతల ఆట నేర్చుకుంటున్నారు. చిరుతలు తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అరచేతిలో ఇమిడే రెండు చెక్కలు, వాటికి చిన్న చిన్న ఇత్తడి బిళ్ళలు. వేళ్ళ సందున పట్టి కొడుతూ, గుండ్రంగా తిరుగుతూ, పాడుతూ కథ ఆడతారు. మా బావ ఆ గుంపుకు పెద్ద. వాళ్ళ ఊరి ముసలాయన ఒకరు కట్టిన కథ అది. ఒక రాజు తన బిడ్డ పెండ్లికి విందు పెడతాడు. పిలవని పేరంటంగా ఒక రక్కసి వచ్చి, ఒక్కొక్క వంటకం మూత తీసి వాసన చూసి ఉమ్మేసి, విందంతా పాడుచేస్తుంది. చివరికి అందరూ కలిసి తరిమేస్తారు. అంతే కథ.

"మా రక్కసి వేషం గట్టేటాయన ఊరికి పోయిండు, ఇగ రాడట," అన్నాడు బావ అందరి ముందూ నన్ను నిలబెట్టి. "గీ మూతి సూడుండ్రి. రంగు గూడ అక్కెర లేదు."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ జాగా కూడా ఏమంత పవిత్రమైనది కాదు. తుమ్మచెట్ల వెనక జనం చెంబులతో వెళ్ళివచ్చేవారు, గేదెలు మధ్యలోంచి నడిచిపోయేవి, ఆడేవాళ్ళ చెమటా బీడీ పొగా కలిసి ఊపిరాడేది కాదు. డిగ్రీ చదివిన నేను ఈ మురికిలో చీర కట్టి ఎగరాలా అనుకున్నాను. కానీ ఎవరూ నా దగ్గరినుంచి దూరంగా జరగలేదు. ఒకడు రంగుల వాసన, ఒకడు రబ్బరు వాసన, ఒకడు తోళ్ళ వాసన. అందరం ఏదో ఒక కంపు మోసుకొచ్చినవాళ్ళమే. ఒకతను నా చేతిలో చిరుతలు పెట్టి, నా వేళ్ళు తన వేళ్ళతో పట్టి ఎలా కొట్టాలో చూపించాడు. ఎన్నో నెలల తర్వాత పరాయి మనిషి ఒకడు నన్ను ముట్టుకున్నాడు.

మొదటి ఆదివారాలు వేళ్ళు బొబ్బలెక్కడంతోనే సరిపోయాయి. అడుగు కుడికి వెయ్యమంటే ఎడమకు వేసేవాణ్ణి. విసుక్కుంటూనే వెళ్ళేవాణ్ణి, తిట్టుకుంటూనే తిరిగొచ్చేవాణ్ణి. అయినా వారం మధ్యలో గంగాళం దగ్గర నిలబడి ఉన్నప్పుడు తెలియకుండానే కాలు తాళం వేసేది. తెడ్డు తిప్పే కూలీలు నన్ను చూసి నవ్వుకునేవాళ్ళు. ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నానని నాకు నేనే ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. మెప్పు కోసం కాదు, లాభం కోసం కాదు. ఎవరూ చెయ్యమని అడగని పనిని ఒళ్ళు దాచుకోకుండా చెయ్యడంలో ఉన్న సుఖం అది. నా బతుకులో అలాంటి పని అంతకుముందు ఒక్కటీ లేదు.

ఇంట్లో మాత్రం గొడవ మొదలైంది. కార్జం వాసనను ఏళ్ళ తరబడి నోరెత్తకుండా భరించిన నా భార్య, చీర మాట వినగానే భగ్గుమంది.

"ఆడోళ్ళ సీర గట్టుకొని నలుగుట్ల ఎగురుతవా? నా ఇజ్జత్ ఏం గావాలె? నేను రాను, పిల్లను గూడ తోల్క రాను."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇంటి ఓనరమ్మ అప్పటికే నల్లా దగ్గర, మీ ఆయనకు జాకెట్టు కూడా కుట్టిస్తున్నారా అని అడిగిందట. అయినా మానేస్తానని నేననలేదు.

ఆట ఆడవలసిన ఆదివారం దగ్గరపడింది. ముందురోజు సాయంత్రం మేనేజరు షెడ్డు గుమ్మంలో నిలబడి, రేపు సెలవు లేదు, పొద్దున్నే లోడు వస్తుంది, ఉడికించి వడగట్టేదాకా కదలడానికి వీల్లేదని చెప్పి వెళ్ళిపోయాడు. కార్జం ఒక పూట ఆగే సరుకు కాదు, కుళ్ళిపోతుంది. వెళ్ళకపోతే ఉద్యోగం పోతుంది. వెళితే బావ మాట పోతుంది. రక్కసి లేకుండా ఆ కథలో ఏముంది? ఆ రాత్రి పాత ఏవగింపుతో మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాను. ఈ గంగాళం నాకు ఆ ఒక్క పూట కూడా మిగల్చదా అనుకున్నాను.

తెల్లవారకముందే వెళ్ళి బాయిలరు ముట్టించాను. ఆ రోజు నేను కూడా కూలీలతో పాటు తెడ్డు పట్టాను. మధ్యాహ్నం దాటేసరికి వడగట్టడం పూర్తయింది, కడుగుడు మాత్రం మిగిలింది. వాళ్ళలో పెద్దవాడు నా చేతిలోంచి తెడ్డు లాక్కుని, "పోండ్రి సార్, గంగాళాలు మేం గడుగుతం, మీరు పోయి మంచిగ ఎగురుండ్రి" అన్నాడు. ఇంటికి వెళ్ళి స్నానం చేసే సమయం లేదు. ఉన్నవాణ్ణి ఉన్నట్టే సైకిలెక్కి ఉప్పల్ తొక్కాను.

అప్పటికే జనం కూర్చున్నారు. ఫ్యాక్టరీలవాళ్ళు, వాళ్ళ పెళ్ళాంబిడ్డలు, గేదెలు తోలుకుపోయేవాళ్ళు కూడా ఆగారు. బావ నన్ను చూసి ఊపిరి పీల్చుకున్నాడు, ఆ వెంటనే ముక్కు ఎగబీల్చాడు.

"తానం జెయ్యలే?"

"టైం లేకుండె బావా."

"మంచిగైంది. గట్లనే రా."

ముఖానికి నూనెలో కలిపిన మసి, కళ్ళ చుట్టూ కుంకుమ, తలకు జనపనార, ఒంటికి మా అక్క పాత పచ్చచీర. నేను విందు మధ్యలోకి గెంతేసరికి రాజు వేషం కట్టినతను నిజంగానే రెండడుగులు వెనక్కి వేసి కండువాతో ముక్కు మూసుకున్నాడు. జనం అది నటన అనుకుని పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు వినగానే నాకు నేర్పిన పాట అంతా మరిచిపోయాను. ఒక్క క్షణం చిరుతలు కొట్టుకుంటూ ఉత్తగా గుండ్రంగా తిరిగాను. అప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో, నా నోటినుంచి నేనెరగని గొంతు ఒకటి వచ్చింది.

"థూ! ఏం గబ్బురా రాజా నీ రాజ్యం!"

అక్కడినుంచి ఇక ఆగలేదు. పులిహోర మూత తీసి, ఫ్యాక్టరీ సైరను పేరు చెప్పి దానిమీద ఉమ్మాను. గారెల మూత తీసి నాలా మీద ఉమ్మాను. పాయసం మూత తీసి, ముక్కుకు అత్తరు రుమాలు కట్టుకుని గుమ్మంలో నిలబడి వేలు చూపించేవాళ్ళ మీద ఉమ్మాను. జనంలో ప్రతివాడికీ ఒక గుమ్మం, ఒక రుమాలు తెలుసు. ప్రతి ఉమ్ముకూ కేకలు, ఈలలు. నాతో పాటు వాళ్ళూ థూ అనడం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి లోపల మురిగిపోయిందంతా తాళం తప్పకుండా, అడుగు తప్పకుండా బయటికి వస్తుంటే, నవ్వొస్తోందో ఏడుపొస్తోందో నాకే తెలియలేదు.

చివర అందరూ నన్ను చిరుతలతో కొడుతున్నట్టు అభినయిస్తూ జనం మధ్యలోంచి తరుముతున్నారు. అప్పుడు ఒక చిన్నపిల్ల గుంపులోంచి పరుగెత్తుకొచ్చి, నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని, కాళ్ళకు చుట్టుకుపోయి గుక్కపెట్టి ఏడ్చింది.

"కొట్టకుండ్రి! గామె రక్కసి గాదు, మా నాయిన!"

మా బిడ్డే. ముక్కు మూసుకోలేదు. మసి పూసిన నా మోకాలికి ముఖం ఆనించి పట్టుకుంది. తల ఎత్తి చూస్తే, రానని ఒట్టు పెట్టుకున్న నా భార్య మా అక్క పక్కన నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వుతోంది. పెళ్ళయ్యాక ఆమె అలా నవ్వగా నేను చూడడం అదే మొదలు.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే వాకిట్లో నీళ్ళు పెట్టింది. కానీ లోపలికి వెళ్ళిపోలేదు. పీటమీద కూర్చోబెట్టి, తానే చెంబుతో పోస్తూ, మసి వదిలేదాకా వీపు రుద్దింది. "ఎంత గబ్బున్నవయ్యా" అంది, నవ్వుతూనే. ఆ మాట ఆమె నోటినుంచి ఎన్నాళ్ళకు విన్నానో. ఇద్దరం ఒకే చాపమీద కూర్చుని పప్పూ అన్నం తిన్నాం.

మర్నాడు మేనేజరు పిలిచి, నువ్వు వేషాలు వేస్తున్నావట అన్నాడు. రుమాలు సంగతి చేరిందని అర్థమైంది. అవును సార్ అన్నాను. ఉద్యోగం పీకేస్తాడనుకున్నాను గానీ పీకలేదు. ఆ గంగాళాల దగ్గర నిలబడడానికి ఇంకొకడు దొరకాలి కదా! ఆ కంపెనీ మూతపడేదాకా ఆ షెడ్డులోనే పనిచేశాను. వాసన ఒక్క పిసరు తగ్గలేదు. మారింది ఒక్కటే. అది నా ఉద్యోగం వాసన, నా వాసన కాదు అని నాకు తెలిసిపోయింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆడాం. మెల్లగా ఒక్కొక్క ఫ్యాక్టరీ మూతపడింది. ఆడేవాళ్ళలో కొందరు మేడిపల్లి వైపు, కొందరు కాప్రా వైపు ఇళ్ళు కట్టుకుని వెళ్ళిపోయారు. ఖాళీ జాగా చుట్టూ రాతి కడీలు పాతి, తీగ చుట్టి, ఆ తర్వాత అంతస్తులు లేపారు. మా బావ పోయి కొన్నేళ్ళయింది. పోయేముందు దవాఖానాలో కూడా నా మూతి చూసి ఏదో వెక్కిరించబోయి దగ్గుతో ఆగిపోయాడు.

ఇప్పుడు మా అబ్బాయి నాగోల్‌లో మెట్రో ఎక్కి చల్లటి అద్దాల ఆఫీసుకు వెళ్తాడు. తెల్లచొక్కా నలగకుండా తిరిగొస్తాడు. ఏ వాసనా ఉండదు. వాకిట్లో బకెట్టు పెట్టవలసిన పని లేదు. కానీ సోఫాలో కూలబడ్డప్పుడు ఆ ముఖంలో ఉన్న రోతను నేను గుర్తుపట్టలేనా? మాకు కంపు ఎక్కడినుంచి వస్తోందో తెలిసేది. ఏ కాలువలోంచో, ఏ డ్రమ్ములోంచో వేలుపెట్టి చూపించగలిగేవాళ్ళం. వాడికి అదీ తెలియదు. తెలియనిదాన్ని ఏ నీళ్ళతో కడుక్కుంటాడు?

వాడికీ బావలున్నారు, బామ్మర్దులున్నారు. మంచివాళ్ళే. పుట్టినరోజుకు ఫోనులోనే కేకు పంపిస్తారు. రావాలనుకుంటే వారం ముందు అడుగుతారు, వీలవుతుందా అని. వీడికి వీలవదు. అందరికీ మర్యాద తెలిసిపోయింది. ఆదివారం మధ్యాహ్నం మా వీధిలో ఎన్ని తలుపుల వెనక ఎంతమంది గోడవైపు తిరిగి పడుకున్నారో నాకు తెలియదు గానీ, అడగకుండా లోపలికొచ్చి భుజం పట్టుకుని ఇవతలికి తిప్పేవాళ్ళు మాత్రం ఇప్పుడు ఒక్కరూ లేరు.